మధ్యలో దుబాసీ: తిన్నర్ పీల్చిన ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి కేసు

"పిల్లలు భయపడేలా ఒక గంట మాట్లాడి వెళ్లండి మేడం. ఫొటోలుంటే ఇంకా మంచిది."

రెండేళ్ల కిందట నవంబరులో బెంగళూరు రామమూర్తి నగర్ వైపు ఉన్న ఒక ప్రైవేటు స్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసి అడిగింది ఇదీ. మగపిల్లల టాయ్‌లెట్ వెనక, నీళ్ల ట్యాంకు పక్కన ఖాళీ వైట్‌నర్ సీసాలు, ఎండి అట్టకట్టిన చేతిరుమాళ్లు దొరికాయట, మత్తు కోసం పీల్చి పారేసినవి. ముగ్గురు తొమ్మిదో తరగతి పిల్లల పేర్లు బయటికొచ్చాయి. వాళ్లకి టీసీ ఇచ్చి పంపేయాలని మేనేజ్‌మెంట్ ఆలోచన. మిగతా పిల్లలకి నా చేత ఒక స్పీచ్ ఇప్పిస్తే పని అయిపోయినట్టే.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మాది ఒంగోలు. ఈ ఊరొచ్చి పద్నాలుగేళ్లు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో సగం తెలుగువాళ్లే. స్పీచ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ముగ్గురినీ, వాళ్ల ఇంట్లోవాళ్లనీ చూస్తానన్నాను. నేను వచ్చేదాకా టీసీ రాయొద్దని కూడా అడిగాను. ఆ రెండో మాట పూర్తిగా చెల్లలేదు. అది చివర్లో చెప్తాను.

ముగ్గురిలో ఒకడి కేసు ఇది. వాళ్లమ్మ పిలిచినట్టే ఇక్కడ చిన్నోడు అంటాను. అతనూ, అమ్మానాన్నా ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

కళ్లద్దాలు

చిన్నోడికి అప్పుడు పద్నాలుగేళ్లు. వాళ్లది రాయచోటి దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్లయింది. నాన్న పెయింటింగ్, ఉడ్ పాలిష్ పనుల మేస్త్రీ, కింద నలుగురు పనివాళ్లు. అమ్మ మారతహళ్లిలో తెలుగువాళ్ల పీజీ హాస్టల్ వంటింట్లో పని చేస్తుంది. తెల్లవారుజామున అయిదుకి వెళ్లి పదకొండుకి వస్తుంది. మళ్లీ మూడున్నరకి వెళ్తే రాత్రి తొమ్మిది దాటుతుంది. పీజీలో అందరూ తెలుగే, సైట్లలో తెలుగు, హిందీ. అందుకే తొమ్మిదేళ్లలో ఆ ఇద్దరికీ కన్నడంతో పెద్దగా పని పడలేదు. ఆవిడ కన్నడం కొత్తిమీర బేరానికి సరిపోతుంది.

ఈ ఊళ్లో తెలుగు రాని టీచర్ దొరకడం కష్టమే. కానీ చిన్నోడి క్లాస్ టీచర్‌ది ధార్వాడ్ వైపు. తెలుగు ఒక్క ముక్క రాదు. మొదటి మీటింగ్‌లో ఆమె, చిన్నోడు, వాళ్లమ్మ కూర్చున్నారు, నేను పక్కన కుర్చీలో. నన్ను "కౌన్సెలర్ మేడం" అని పరిచయం చేశారంతే. నాది ఏ ఊరో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

టీచర్ కన్నడం, ఇంగ్లీషు కలిపి మాట్లాడింది. లంచ్ తర్వాత పిల్లాడు మత్తుగా ఉంటున్నాడు, కళ్లు ఎర్రబడుతున్నాయి, చొక్కా చేతుల మీద తెల్ల మరకలు, నిన్న పేరు పిలిస్తే మాట ముద్దగా వచ్చింది, ఇంట్లో ఏమన్నా గమనించారా అని.

చిన్నోడు అమ్మ వైపు తిరిగాడు. "మధ్యాహ్నం నాకు నిద్రొస్తా ఉందంటమ్మా. సైన్స్ రికార్డు తొందరగా రాయమంటా ఉంది."

"రాత్రి పదకొండు దాకా చదువుతాండాడు, అందుకే నిద్ర అని చెప్పు నాయనా మేడంకి."

చిన్నోడు టీచర్ వైపు తిరిగాడు. ఇంట్లో అంతా నార్మల్‌గానే ఉన్నాడంటోంది మ్యామ్, అన్నాడు.

ఎంత నున్నగా చేశాడంటే, నాకు తెలుగు రాకపోయి ఉంటే నేనూ నమ్మేదాన్ని. టీచర్ తల ఊపింది. అమ్మ దణ్ణం పెట్టింది. ఇద్దరూ నిశ్చింతగా లేచారు.

అప్పుడు కనిపించాయి కళ్లద్దాలు. కొత్తవి. తర్వాత తెలిసిన సంగతేమిటంటే, సెప్టెంబరు మీటింగ్‌లో కూడా టీచర్ కళ్లు ఎర్రగా ఉంటున్నాయని చెప్పింది. చిన్నోడు దాన్ని "బోర్డు కనపడ్డం లేదేమో అంటాండారు" అని తిప్పాడు. తల్లి మర్నాడే అప్పు చేసి కళ్లద్దాల షాపుకి తీసుకెళ్లింది. ఉన్నదో లేదో తెలియనంత పవర్‌కి పద్దెనిమిది వందలు. టీచర్ తన మాట పట్టించుకున్నారనుకుంది. తల్లి టీచర్ చెప్పినట్టే చేశాననుకుంది. వాడేమో ఆ అద్దాలు పెట్టుకుని మొద్దుగా రెండు నెలలు తిరిగాడు.

ఇద్దరు పెద్దవాళ్ల మధ్య వెళ్లే ప్రతి మాటా, ఎవరి గురించైతే మాట్లాడుతున్నారో ఆ పిల్లాడి నోటి గుండానే వెళ్తోంది. ఆ గదిలోంచి బయటికొచ్చేటప్పుడు నా పుస్తకంలో రాసుకున్నది ఒక్క మాట: దుబాసీ.

నాకు తెలుగు వచ్చని చెప్పకుండా కూర్చోవడం సరైన పనేనా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. కావాలని దాచలేదు. వాడు మొదటి మాట తిప్పినప్పుడు ఆపాల్సింది, ఆపలేదు. తర్వాత ఒంటరిగా కూర్చున్నప్పుడు తెలుగులోనే మొదలుపెట్టాను. "నిన్న నువ్వు అమ్మకి చెప్పిందీ, టీచర్‌కి చెప్పిందీ రెండూ విన్నాను. ముందే చెప్పాల్సింది, నాదీ తప్పే." చిన్నోడు అద్దాలు తీసి చొక్కాకి తుడుచుకుంటూ చాలాసేపు తల ఎత్తలేదు.

రెండు గీతలు

ఈలోపు స్కూల్ నుంచి నాన్నకి నేరుగా ఫోన్ వెళ్లింది. ఆయన మెడికల్ షాపులో యూరిన్ టెస్ట్ కిట్ కొన్నాడు. ఇంట్లో బాత్రూం తలుపు ముందు నిలబడి పట్టించాడు. స్ట్రిప్ మీద రెండు గీతలొచ్చాయి. గర్భం కిట్ మీద రెండు గీతలంటే ఉన్నట్టు కదా, తల్లి గోడకి చేరగిలపడిపోయిందట. తర్వాత షాపువాణ్ని అడిగితే, ఇందులో రెండు గీతలంటే ఏమీ లేనట్టు అన్నాడు. మర్నాడు ఆ స్ట్రిప్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు మేస్త్రీ. "చూడండి మేడం. నా కొడుకు మీద నిందేస్తాండారు."

ఈ ఘట్టం చాలా ఇళ్లలో చూశాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. షాపుల్లో దొరికే కిట్లు గంజాయి, నల్లమందు జాతి మందులు, కొన్ని నిద్రమాత్రలు లాంటి వాటిని పట్టడానికి చేసినవి. వైట్‌నర్‌లో, పెయింట్ పలచన చేసే తిన్నర్‌లో, పంక్చర్ సొల్యూషన్‌లో ఉండే టోలుయీన్ లాంటి ఆవిర్లు వాటికి అందవు. గంజాయి విషయంలోనూ ఎప్పుడో ఒకసారి తాగినవాడికి మూడు నాలుగు రోజులు దాటితే దొరక్కపోవచ్చు, రోజూ తాగేవాడికి నెల దాకా దొరకొచ్చు. కిట్ ఏమీ లేదంటే దాని అర్థం ఆ కిట్ వెతికింది దొరకలేదని మాత్రమే. ఇంట్లో మాత్రం దాన్ని తీర్పులాగా తీసుకుంటారు. దొరికితే బెల్టు, దొరక్కపోతే క్షమాపణ. రెంటిలో ఏదైనా అక్కడితో మాట్లాడుకోవడం ఆగిపోతుంది.

మేస్త్రీ విన్నాడు గానీ నమ్మలేదు. వాసన రావాలి కదా మేడం అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లింటికి వెళ్లాకే జవాబు దొరికింది. ఒకటిన్నర గదుల ఇల్లు, వెనక బాల్కనీలో పెయింట్ డబ్బాలు, బ్రష్షులు, అయిదు లీటర్ల తిన్నర్ క్యాన్లు మూడు. ఇల్లంతా అదే వాసన. మేస్త్రీ చొక్కాలో అదే, దుప్పట్లలో అదే. పిల్లాడి దగ్గర కొత్తగా ఏ వాసనా రాలేదు, ఎందుకంటే ఆ ఇంట్లో అందరి దగ్గరా వచ్చేది అదే.

వైట్‌నర్ స్కూల్లో స్నేహితులతో. ఇంట్లో ఒంటరిగా తిన్నర్. జులై నుంచి వారానికి నాలుగైదు సార్లు, సాయంత్రం నాలుగూ ఏడూ మధ్య. అమ్మ పీజీలో, చెల్లెలు ట్యూషన్లో ఉండే వేళ.

డ్రగ్స్ అనగానే తల్లిదండ్రుల మనసు గంజాయి దగ్గరికో, సినిమాల్లో చూసిన తెల్లపొడి దగ్గరికో పోతుంది. ఎయిమ్స్ వాళ్ల మత్తు వ్యసనాల చికిత్స జాతీయ కేంద్రం 2018లో దేశమంతా చేసి 2019లో ప్రచురించిన సర్వేలో, పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో ఆవిర్లు పీల్చేవాళ్లు 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే. కారణం వెతకనక్కర్లేదు. పుస్తకాల షాపులో దొరుకుతుంది, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో లేదు, కొనడానికి పాకెట్ మనీ చాలు. చిన్నోడికి అదీ అక్కర్లేదు.

వాడు చెప్పింది

ముందే వాడితో ఒప్పందం చేసుకున్నాను. నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికి ముప్పనిపించినా, నిన్నెవరైనా హింసిస్తున్నా, నువ్వు ఇంకొకరికి హాని చేసేలా ఉన్నా చెప్పక తప్పదు. చెప్పేటప్పుడు నీకు చెప్పే చెప్తాను. కుర్రాళ్లకి ఈ మాట మొదట్లో అనకపోతే తర్వాత ఎన్ని ప్రశ్నలడిగినా వృథా.

క్రాఫ్ట్ అనే ఆరు ప్రశ్నల స్క్రీనింగ్ ఒకటుంది, పన్నెండు నుంచి ఇరవై ఒకటేళ్ల వాళ్లకి. మత్తులో ఉన్నవాళ్ల బండెక్కావా, రిలాక్స్ కావడానికి వాడావా, ఒంటరిగా వాడావా, చేసింది మర్చిపోయావా, తగ్గించమని ఇంట్లోవాళ్లో స్నేహితులో అన్నారా, దానివల్ల ఇబ్బందుల్లో పడ్డావా. రెండింటికి అవునంటే లోతుగా చూడాలి. చిన్నోడు నాలుగింటికి అవునన్నాడు. "ఒంటరిగానా" అన్న ప్రశ్నకి ఆగాడు. నాకు ఆ ఆగడం స్కోరు కంటే ఎక్కువ చెప్పింది.

వైట్‌నర్ సంగతి నీకెలా తెలిసిందని అడిగితే వచ్చిన జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. "పోయినేడు ఒక సార్ వచ్చి స్పీచ్ ఇచ్చినాడు మేడం. స్లైడ్లు చూపించినాడు. వైట్‌నర్ పీలిస్తే మత్తొస్తుందని, రుమాలు మీద వేసుకుంటారని. అప్పటిదాకా మాకు తెలీదు."

పుర్రె బొమ్మలు, పాడైన ఊపిరితిత్తుల ఫొటోలు చూపించి భయపెట్టే సమావేశాలు పనిచేయవని ఐక్యరాజ్య సమితి డ్రగ్స్ విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో తెచ్చిన నివారణ ప్రమాణాల్లో స్పష్టంగానే ఉంది. ఆవిర్ల విషయంలో ఇంకో ప్రమాదం. మిగతా మత్తులకి ఎవరో అమ్మాలి. దీనికి పేరు చెప్తే చాలు, పిల్లాడి బ్యాగులోనే ఉంటుంది. అందుకే స్కూల్ పిల్లల ముందు ఏది పీలుస్తారో, ఎలా పీలుస్తారో నేను ఎప్పుడూ చెప్పను. అది టీచర్లకీ తల్లిదండ్రులకీ చెప్పాల్సిన విషయం.

నాలుగో సెషన్లో అసలు సంగతి వచ్చింది, అదీ వేరే మాటల్లో. నేను వారం రోజుల డైరీ రాయమన్నాను. ఎప్పుడు పీల్చాలనిపించింది, దానికి ముందు ఏం జరిగింది. మూడు చోట్ల "ఓనర్" అని ఉంది.

ఇంటి ఓనర్‌తో బాడుగ గురించి మాట్లాడేది చిన్నోడే. అయిదో తరగతి నుంచీ. కరెంటు బిల్లు ఎక్కువొస్తే బెస్కాం ఆఫీసుకి నాన్నతో వెళ్లేది వాడే. బ్యాంకులో, ఆసుపత్రిలో, చెల్లెలి స్కూల్లో ఫీజు గడువు అడిగేటప్పుడు కూడా వాడే. ఓనర్ కన్నడంలో, "తారీఖుకి ఇవ్వడం చేతకాని వాడికి ఇల్లెందుకు, ఊరికి పొమ్మను మీ నాయన్ని" అంటాడు. చిన్నోడు నాన్నకి, "వచ్చే వారం లోపల ఇమ్మంటాండాడు నాయనా" అని చెప్తాడు. నాన్న కోపంతో ఒక మాటంటాడు. వాడు ఓనర్‌తో, "తప్పకుండా ఇస్తామంటున్నారు అంకుల్" అంటాడు.

"రెండు పక్కలా మంచిగా చెప్తాను మేడం. మిగిలింది నా దగ్గరే ఉండిపోతాది."

తిన్నర్ పీలిస్తే ఏమవుతుందని అడిగాను. "చెవుల్లో గుయ్యిమంటాది. ఎవరి మాటా వినపడదు."

చెడు సావాసం అనే మాట స్కూల్ ఫైల్లో ముందే రాసి ఉంది. స్నేహితులు లేరని నేననను, ట్యాంకు వెనక ముగ్గురున్నారు. కానీ ట్యాంకు వెనక వారానికి ఒకసారి. బాల్కనీలో వారానికి నాలుగు సార్లు. రెంటికీ కారణం ఒకటే అనుకుంటే మందు తప్పు చోట పడుతుంది. మీటింగ్‌లో మాటలు తిప్పింది తప్పించుకోవడానికే అని నేను మొదట అనుకున్నాను. అందులో కొంత నిజం. కానీ వాడికి ఆ పని అలవాటు. నాలుగేళ్లుగా పెద్దవాళ్ల మాటలకి పదును తీసేసి అటూ ఇటూ మోయడమే వాడి ఉద్యోగం.

డాక్టర్ చూపు కూడా అవసరం. గుండె, కిడ్నీలు, కాలేయం, నరాలు చూడాలి, రక్తంలో పొటాషియం చూడాలి, ఎందుకంటే టోలుయీన్ కిడ్నీల మీద పని చేసి దాన్ని పడేస్తుంది. ఒక ప్రభుత్వ ఆసుపత్రికి పంపాను. అదృష్టవశాత్తూ అన్నీ బాగానే ఉన్నాయి. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియని వాళ్లకి చెప్తున్నాను: బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో మత్తు వ్యసనాలకి ప్రత్యేక విభాగముంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. ఆవిర్ల వ్యసనానికంటూ ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. మేస్త్రీ మూడుసార్లు అడిగాడు, ఒక ఇంజెక్షన్ ఉంటుందంట కదా అని.

పీఈటీ సార్ ప్రశ్న

స్కూల్లో స్పీచ్‌కి బదులు టీచర్లతో మూడు సాయంత్రాలు అడిగాను, ఒక్కోటి ముప్పావు గంట. హెడ్‌మిస్ట్రెస్ అయిష్టంగానే ఒప్పుకుంది. మొదటిరోజు పన్నెండు మంది వచ్చారు, నలుగురు నోటుపుస్తకాలు దిద్దుకుంటూ విన్నారు. వాళ్లని తప్పుపట్టను, అది జీతం లేని గంట.

అందరూ దిద్దడం ఆపింది ఒక్కచోట. ఎవరైనా పీలుస్తూ కనపడితే వెంటపడొద్దు, గట్టిగా అరవొద్దు అన్నాను. పీఈటీ సార్ నవ్వాడు. దొంగల్ని పట్టుకున్నది ఆయనే. నీళ్ల ట్యాంకు దగ్గర నుంచి గ్రౌండ్ చివరిదాకా తరిమి పట్టుకున్నాడు, ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటున్నాడు కూడా.

"నేను పరిగెత్తిస్తే చచ్చిపోతాడా మేడం?"

చచ్చిపోవచ్చు సార్ అన్నాను. ఆ ఆవిర్లు గుండెని అడ్రినలిన్‌కి అతిగా ఉలికిపడేలా చేస్తాయి. అప్పుడే పీల్చినవాడు హఠాత్తుగా భయపడితే, పరిగెత్తితే, గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినవాడికైనా సరే. అందుకే నెమ్మదిగా వెళ్లాలి, మామూలు గొంతుతో పేరు పిలవాలి, గాలి ఆడేచోట కూర్చోబెట్టాలి, రుమాలు తీసేయాలి, ఒంటరిగా వదలకూడదు. సొమ్మసిల్లితే 108. తిట్లూ విచారణలూ మర్నాటికి.

పీఈటీ సార్ మిగతా రెండు సాయంత్రాలూ ముందు బెంచీలో కూర్చున్నాడు. తర్వాత స్కూల్లో ఈ విషయంలో నాకు ఎక్కువ సాయం చేసింది ఆయనే.

మిగతా సమయమంతా ఎలా మాట్లాడాలన్న దాని మీదే గడిపాం. టీచర్లకి తెలిసినవి రెండే దారులు, తెలియనట్టు ఊరుకోవడం, లేదంటే నిలదీయడం. "డ్రగ్స్ తీసుకుంటున్నావా?" అని అడిగితే లేదు అనే తప్ప ఇంకే జవాబూ రాదు. కళ్లతో చూసింది మాత్రమే చెప్పమన్నాను. "మూడు రోజులుగా లంచ్ తర్వాత తల బెంచీ మీద పెడుతున్నావు. చొక్కా మీద మరకలున్నాయి. నాకు బెంగగా ఉంది." ఇంతే, తర్వాత ఆగాలి. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఆడించాను. ఆగడం టీచర్లకి అన్నింటికంటే కష్టమైంది. మూడు సెకన్లకే సలహా మొదలుపెట్టేస్తారు. నేనూ అంతేనని మా ఆయన అంటాడు.

చిన్న నియమం ఒకటి మాత్రం స్కూలే కనిపెట్టింది. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన రాయండి, ఇక మీదట వైట్‌నర్ ఎవరి బ్యాగులోనూ ఉండకూడదు. పరీక్షల్లోనూ గీత కొడితే ఎవరూ మార్కులు తీసేయరు కదా, ఇన్నాళ్లూ ఆ సీసా ఎందుకు కొనిపించామో అని లెక్కల టీచర్ అంది. ఎదురుగా ఉన్న స్టేషనరీ షాపాయనతో పీఈటీ సార్ వెళ్లి మాట్లాడాడు. పిల్లలకి మత్తు పదార్థం ఇచ్చేవాళ్లకి బాలల న్యాయ చట్టం, 2015లోని 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలుశిక్ష ఉంది. వైట్‌నర్ దాని కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్ల పని, ఆ బెదిరింపు వద్దని సార్‌కి ముందే చెప్పాను. షాపాయన తనంతట తానే సీసాలు తీసేసి పెన్నులాంటివి పెట్టాడు. ఆయన కూతురు అదే స్కూల్లో ఏడో తరగతి.

ఉద్యోగం మార్పు

అసలు చికిత్స ఏమిటని అడిగితే, దుబాసీ ఉద్యోగం నుంచి చిన్నోణ్ని తప్పించడమేనని చెప్తాను. వినడానికి చిన్నదే, చేయడానికి రెండు నెలలు పట్టింది.

స్కూల్ లైబ్రేరియన్‌ది బాగేపల్లి. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. ఆ స్కూల్లో ఆరేళ్లుగా ఉంది, ఎవరూ ఆమెని ఈ పనికి అడగలేదు. ప్రతి శుక్రవారం క్లాస్ టీచర్ చెప్పింది ఈమె తెలుగులో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ చేసి చిన్నోడి అమ్మకి వాట్సాప్‌లో పంపేది. నా షరతు ఒక్కటే, మొదటి మెసేజ్‌లో ఒక్క ఫిర్యాదు కూడా ఉండకూడదు. "మీవాడు ఈ వారం మ్యాప్ పాయింటింగ్ బాగా చేశాడు" అని వచ్చింది. పీజీ వంటింట్లో పప్పు కలుపుతూ నాలుగుసార్లు విన్నానని ఆవిడ నాతో చెప్పింది. తొమ్మిదేళ్లలో స్కూల్ నుంచి తనకి నేరుగా వచ్చిన మొదటి మాట అది.

"వాడు చెప్పిందే మాకు వేదం మేడం ఇన్నాళ్లూ" అంది. కోపంగా అనలేదు.

మేస్త్రీతో కష్టమైంది. నిజం తెలిసిన రాత్రి ఆయన కొట్టాడు, బాగానే కొట్టాడు. చిన్నోడు బయటికి పోయి కేఆర్ పురం రైల్వే స్టేషన్లో తెల్లవారేదాకా కూర్చుని ఇంటికొచ్చాడు. మర్నాడు ఆయన నా ముందు కూర్చుని మాట్లాడలేదు. నేను పని గురించి అడిగాను. మూసిన గదిలో పాలిష్ కొట్టేటప్పుడు మీకెలా ఉంటుంది మేస్త్రీ?

"ఎక్కుతాది మేడం. తల తిరుగుతాది. బయటికొచ్చి బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాం. కొత్త పిల్లోళ్లు ఊరికే నవ్వుతాంటారు." అని, తన మాట తనే విన్నట్టు ఆగిపోయాడు. కొడుకుది వేరే లోకం అనుకుంటున్న మనిషికి, అది తన పనిలో రోజూ చూసేదేనని అప్పుడు తట్టింది. ఆ సాయంత్రమే క్యాన్లు మూడూ సైట్ దగ్గర స్నేహితుడి షట్టర్లోకి పోయాయి. వారం పాటు దుప్పట్లు ఎండలో వేశారు. వాసన తగ్గాక చెల్లెలికి తలనొప్పులు కూడా తగ్గాయట, అది ఎవరూ లెక్కలో వేసుకోని లాభం.

బాడుగ మాట ఇక నువ్వే మాట్లాడాలన్నాను మేస్త్రీతో. నాకు రాదు మేడం అన్నాడు. పది కన్నడ వాక్యాలు తెలుగు లిపిలో రాసిచ్చాను. "బాడిగె హత్తనే తారీఖు కొడ్తీని సార్." పదో తారీఖున ఇస్తాను సార్. మా ఆఫీసు వరండాలో నడుస్తూ బట్టీపట్టాడు. ఓనర్ దగ్గరికి మొదటిసారి ఒంటరిగా వెళ్లినప్పుడు, ఇన్నాళ్లూ వాడు మెత్తగా చేసి చెప్పిన మాటలు అసలు ఎలా ఉండేవో ఆయనకి అర్థమైంది. భాష సగమే తెలిసినా, తిట్టు ఎవరికైనా తెలుస్తుంది. తిరిగొచ్చి కొడుకుని ఏమీ అనలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు, "ఆ ముసలోడు నీతో కూడా అట్లనే మాట్లాడుతాన్నాడా?" అని మాత్రం అడిగాడట.

సాయంత్రం నాలుగూ ఏడూ మధ్య ఇల్లు ఖాళీగా ఉండటం మిగిలింది. తల్లి ఉద్యోగం మానేయమని చెప్పడం నాకు తేలికే, వాళ్లకి బాడుగ కట్టడం తేలిక కాదు. పీఈటీ సార్ సాయంత్రం అయిదున్నర దాకా కబడ్డీ ఆడిస్తానన్నాడు. ఆ తర్వాత చెల్లెల్ని ట్యూషన్ నుంచి తీసుకురావడం చిన్నోడి పని. రెండు రోజులు సార్ సెలవు పెడితే ఆ రెండు రోజులూ రంధ్రమే. అలాగే నడిచింది.

ఫిబ్రవరి

డిసెంబరు, జనవరి బాగా గడిచాయి. ఫిబ్రవరి మూడో వారంలో బుధవారం మధ్యాహ్నం లైబ్రేరియన్ మెసేజ్ వాళ్లమ్మకి వచ్చింది, శుక్రవారం కాకుండా. చిన్నోడు మళ్లీ మత్తుగా ఉన్నాడు, క్లాస్ టీచర్ పక్కన కూర్చోబెట్టుకుంది, భయం లేదు, సాయంత్రం మాట్లాడండి.

మేం ముందే దీనికోసం ఒక మాట సిద్ధం చేసి ఉంచాం. జారడం జరుగుతుంది, ఎప్పుడో తెలియదు, ఆ రోజు ఇంట్లో ఎవరు ఏమనాలో ఇప్పుడే అనుకోండి అని. తల్లి ఆ మాట అనింది. "టీచరమ్మ నాకు చెప్పింది. అన్నం తిను. రేపు మేడం దగ్గరికి పోదాం." మేస్త్రీ సిద్ధం చేసుకున్నది మర్చిపోయి చెంప మీద ఒకటి కొట్టాడు. తర్వాత బయటికెళ్లి టీ తాగి తిరిగొచ్చాడు. అది కూడా వాళ్లు నాకు చెప్పారు, దాచలేదు.

మర్నాడు చిన్నోడు నాతో అన్నది: "మెసేజ్ ఇంటికి నా కంటే ముందే పోయింది మేడం. ఏం చెప్పాలో ఆలోచించుకునే టైమే లేదు." ఫిర్యాదుగానే అన్నాడు. కానీ ఆ గొంతులో కాస్త తేలికపాటు కూడా వినపడిందనుకుంటాను. ఆ తర్వాత నేను చూసిన పదకొండు నెలల్లో ఇంకోసారి జారాడు, వేసవి సెలవుల్లో, ఊళ్లో.

ముగ్గురిలో రెండోవాడు ఇంకో కౌన్సెలర్ దగ్గర కుదిరాడు. మూడోవాడికి మేం ఎంత చెప్పినా డిసెంబరులోనే టీసీ ఇచ్చేశారు. పేరు పాడవుతుందన్న భయం. బడితో ఉన్న తాడు తెగితే పిల్లాడు ఇంకా తొందరగా జారతాడని మీటింగ్‌లో రెండుసార్లు చెప్పాను, మినిట్స్‌లో రాశారు కూడా. వాళ్ల నాన్న నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. ఈ కేసుని నేను విజయంగా ఎక్కడా చెప్పుకోలేకపోవడానికి కారణం అదే.

జులైలో పదో తరగతి మొదటి పేరెంట్స్ మీటింగ్. నేను వేరే పని మీద స్కూలుకి వెళ్లాను. లోపల క్లాస్ టీచర్, లైబ్రేరియన్, చిన్నోడి అమ్మ. చిన్నోడు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, అద్దాల్లేకుండా. ఏం మాట్లాడుకుంటున్నారో మీకు తెలుసా మేడం అని అడిగాడు. నాకూ తెలియదన్నాను.

కిటికీలోంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. లైబ్రేరియన్‌ని ఆపి తనే టీచర్‌ని అడుగుతోంది. "మేడం, నమ్మ హుడుగ ఊట మాడ్తదా?" మా పిల్లాడు అన్నం తింటోందా అన్నట్టు.

"మాడ్తదా కాదమ్మా, మాడ్తానా అనాలి" అని చిన్నోడు గొణుక్కుంటూ లేవబోయి, తలుపు వైపు చూసి, మళ్లీ కూర్చున్నాడు.